హార్డ్‌వేర్ వాలెట్: డబ్బా విప్పినప్పటి నుంచి చేయాల్సిన పనులు

2024 జులై 18న వజీర్‌ఎక్స్ ఎక్స్చేంజ్ (బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో కొని అమ్మే వేదిక) నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టో చోరీ అయింది. ఆ వెంటనే విత్‌డ్రాయల్స్ ఆగిపోయాయి. ఖాతాదారులు ఏడాదికి పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. అంతకుముందు 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే మరో ఎక్స్చేంజ్ దివాలా తీసినప్పుడూ జనం పరిస్థితి ఇదే. ఎక్స్చేంజ్ యాప్‌లో మీ పేరు పక్కన కనిపించే అంకె ఆ కంపెనీ మీకు ఇవ్వాల్సిన బాకీ. కంపెనీ బాగున్నంత కాలం ఆ బాకీకి ఢోకా లేదు. ఆ మీద దేవుడే దిక్కు.

అందుకే దీర్ఘకాలం ఉంచుకుందామనుకున్న క్రిప్టోను హార్డ్‌వేర్ వాలెట్‌లోకి, అంటే దాని తాళంచెవి దాచుకునే ఒక చిన్న పరికరంలోకి, మార్చుకోమంటారు. ఆ సలహాలో తప్పేమీ లేదు కానీ సగమే చెబుతారు. ఎక్స్చేంజ్ రిస్క్ తప్పించుకున్న రోజు నుంచి ఆ బరువు మొత్తం మీ నెత్తిన పడుతుంది. "పాస్‌వర్డ్ మర్చిపోయారా?" అనే బటన్ ఇక్కడ ఉండదు. ఫోన్ చేసి గోల పెట్టడానికి కస్టమర్ కేర్ ఉండదు. రోజూ కొంటూ అమ్మేవాళ్లకి, పది పదిహేను వేల రూపాయల క్రిప్టో ఉన్నవాళ్లకి ఈ తలనొప్పి అక్కర్లేదు. పోతే రాత్రి నిద్ర పట్టదు అనిపించేంత మొత్తం ఉంటేనే మిగతాది చదవండి.

ఉదాహరణకి లెడ్జర్ అనే కంపెనీ చేసే నానో ఎస్ ప్లస్ తీసుకుంటున్నాను. చిన్న స్క్రీన్, రెండు బటన్లు, యూఎస్‌బీ కేబుల్, అంతే దాని సరంజామా. ట్రెజర్ లాంటి వేరే కంపెనీవి తీసుకున్నా బటన్లు, మెనూలు మారతాయి గానీ జాగ్రత్తలు మారవు.

అసలు దాని లోపల ఏముంది?

కాయిన్లు ఆ డివైస్‌లో ఉండవు. మీ బిట్‌కాయిన్ ఎప్పుడూ బ్లాక్‌చెయిన్ మీదే, అంటే ఇంటర్నెట్‌లో ఉండే ఉమ్మడి ఖాతా పుస్తకంలోనే ఉంటుంది. ఊళ్లో ఉన్న పొలం ఎక్కడికీ కదలదు, దాన్ని అమ్మాలంటే కావలసింది మీ సంతకం కదా, ఇదీ అంతే. ఆ సంతకం చేసే ప్రైవేట్ కీని డివైస్ తన లోపలే దాచుకుంటుంది, కంప్యూటర్‌కి గానీ ఫోన్‌కి గానీ బయటపెట్టదు. లావాదేవీ వివరాలు కంప్యూటర్ నుంచి లోపలికి వెళ్తాయి, సంతకం మాత్రమే బయటికి వస్తుంది. కంప్యూటర్‌లో వైరస్ ఉన్నా కీ దొరకదు అనేది అందుకే.

ఆ కీలన్నీ 24 ఇంగ్లిష్ పదాల నుంచి పుడతాయి. వీటిని సీడ్ ఫ్రేజ్ అనీ, రికవరీ ఫ్రేజ్ అనీ అంటారు. డివైస్ పోయినా పగిలినా ఇంకోటి కొని ఈ పదాలు ఎక్కిస్తే మీ కాయిన్లన్నీ మళ్లీ మీ చేతికొస్తాయి. కాబట్టి డివైస్ కన్నా ఆ పదాలున్న కాగితమే విలువైనది. కాగితం ఎవరి కంటైనా పడిందంటే, డివైస్ మీ బీరువాలో తాళం వేసి ఉన్నా లాభం లేదు.

కొనేటప్పుడు

కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో కొనండి. లేదా అదే వెబ్‌సైట్‌లో అధీకృత విక్రేతల జాబితా చూసి, ఆ జాబితాలో ఉన్నవాళ్ల దగ్గరే తీసుకోండి. ఐదారు వందలు తగ్గుతాయని ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియని అమ్మకందారు దగ్గర కొనొద్దు. సెకండ్‌హ్యాండ్ అసలే వద్దు. 2023లో కాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రతా కంపెనీ పరిశోధకులు ఒక నకిలీ ట్రెజర్‌ను విప్పి చూశారు. బయటి నుంచి అచ్చం ఒరిజినల్‌లాగే ఉంది, పని కూడా చేసింది. లోపలి చిప్ మార్చేసి ఉంది. వాడినతని బిట్‌కాయిన్ ఆ డివైస్ అసలు కంప్యూటర్‌కి తగిలించని రోజే వెళ్లిపోయింది.

ప్యాకెట్ విప్పాక ఒక్క విషయం చూడండి. లోపలున్న కార్డు మీద పదాలు ముందే రాసి ఉన్నాయా? గోకితే పదాలు కనిపించే కార్డు ఇచ్చారా? పిన్ ఇదీ అని ఎక్కడైనా అచ్చేసి ఉందా? వీటిలో ఏది కనిపించినా ఆ డివైస్ ముట్టుకోవద్దు. పదాలను డివైస్ మీ ఎదుటే, తన స్క్రీన్ మీద, మొదటిసారిగా చూపించాలి. ముందే ఉన్నాయంటే అవి ఇంకొకరి దగ్గర కూడా ఉన్నట్టే. సీల్ స్టిక్కర్ బాగుందా లేదా అని మాత్రం మరీ టెన్షన్ పడకండి. లెడ్జర్ అసలు సీల్ స్టిక్కరే వేయదు, స్టిక్కర్‌ను నకిలీ చేయడం చిటికెలో పని.

డెలివరీ ఎక్కడికి పెట్టాలో కూడా ఆలోచించండి. 2020లో లెడ్జర్ కస్టమర్ల డేటా లీకైంది. సుమారు 2.7 లక్షల మంది పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఆ డిసెంబరులో ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరికేలా పడ్డాయి. వాలెట్లకు ఏమీ కాలేదు, కానీ ఎవరింట్లో క్రిప్టో ఉందో దొంగలకు తెలిసిపోయింది. ఆ తర్వాత కొందరికి పోస్టులో నకిలీ లెడ్జర్లే వచ్చాయి, "మీ పాతది సురక్షితం కాదు, దీన్ని వాడండి" అనే ఉత్తరంతో సహా. అందుకని వీలైతే ఆఫీసు చిరునామా ఇవ్వండి, దీనికోసం వేరే ఈమెయిల్ పెట్టుకోండి. వచ్చిందని వాట్సాప్ స్టేటస్ పెట్టే కోరిక ఉంటే అణచుకోండి.

సెటప్

ఒక గంట తీరిక చూసుకుని తలుపు వేసుకుని కూర్చోండి. పెన్ను, డబ్బాలో వచ్చిన కార్డు, ఒక తెల్ల కాగితం దగ్గర పెట్టుకోండి. గదిలో సీసీ కెమెరా ఉంటే వేరే గదికి వెళ్లండి. ఆఫీసులో, కెఫేలో, రైల్లో ఈ పని పెట్టుకోవద్దు.

ముందు కంపెనీ యాప్ దించుకోవాలి. లెడ్జర్‌కైతే ఇన్నాళ్లూ లెడ్జర్ లైవ్ అన్నారు, ఇప్పుడు లెడ్జర్ వాలెట్ అంటున్నారు. గూగుల్‌లో వెతికి పైన వచ్చే ప్రకటన మీద నొక్కకండి, నకిలీ సైట్లు అక్కడే కాచుకుని ఉంటాయి. కంపెనీ చిరునామాను మీరే టైపు చేసి అక్కడి నుంచి దించుకోండి. యాప్ స్టోర్‌లో ఉంది కదా అని కూడా గుడ్డిగా నమ్మలేం. 2023లో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే నకిలీ లెడ్జర్ లైవ్ చేరి, దాన్ని తొలగించేలోపు లక్షల డాలర్లు మింగేసింది. ఇంకో సంగతి, నానో ఎస్ ప్లస్ ఐఫోన్‌తో పనిచేయదు. కంప్యూటర్ కావాలి, లేదా ఆండ్రాయిడ్ ఫోన్‌కి సరిపోయే కేబుల్ కావాలి. కొనకముందే చూసుకోండి.

కేబుల్ తగిలించగానే స్క్రీన్ వెలుగుతుంది. కొత్త డివైస్‌గా సెటప్ చేయాలా, పాత పదాలతో రిస్టోర్ చేయాలా అని అడుగుతుంది. కొత్తది ఎంచుకోండి. ఎడమ, కుడి బటన్లతో అటూ ఇటూ జరగాలి, రెండూ కలిపి నొక్కితే ఓకే అన్నట్టు. మొదటి ఐదు నిమిషాలు చిరాగ్గా ఉంటుంది, తర్వాత వేళ్లకు అలవాటైపోతుంది.

పిన్ 4 నుంచి 8 అంకెలు పెట్టుకోవచ్చు. 8 పెట్టండి. ఏటీఎం పిన్, పుట్టిన సంవత్సరం, బండి నంబరు వద్దు. ఒక్కో అంకెను బటన్లతో పైకీ కిందికీ తిప్పి, రెండు బటన్లూ నొక్కి ఖాయం చేయాలి. ఆఖర్న టిక్ గుర్తు దగ్గర ఆగి రెండూ నొక్కితే అయిపోయినట్టు. పిన్ మూడుసార్లు తప్పు కొడితే డివైస్ తనలో ఉన్నదంతా చెరిపేసుకుంటుంది. భయపడకండి, 24 పదాలు ఉంటే అదేమీ నష్టం కాదు. డివైస్ ఎత్తుకుపోయిన దొంగకి అంకెలన్నీ వేసి చూసే అవకాశం లేకుండా ఈ ఏర్పాటు.

ఆ తర్వాత పదాలు వస్తాయి. ఒక్కో పదం, పక్కన దాని వరుస సంఖ్య. తొందరపడకండి. పెద్ద అక్షరాల్లో, కలిపిరాత లేకుండా, నంబరుతో సహా రాయండి. ఇవి 2048 పదాలున్న ఒక ప్రామాణిక జాబితా నుంచి వస్తాయి. ఆ జాబితాలో ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు. కాబట్టి మొదటి నాలుగు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయంటే మిగతాది చెరిగినా పదం దొరుకుతుంది. వరుస తప్పితే మాత్రం పదాలన్నీ ఉన్నా పనికిరావు. 24 రాశాక డివైస్ మళ్లీ ఒక్కోటీ అడిగి సరిచూస్తుంది. బద్ధకించకుండా కాగితం చూసే జవాబివ్వండి, జ్ఞాపకం మీద కాదు.

ఆ పదాలను ఫోటో తీయకూడదు. ఫోన్‌లో ఫోటో తీస్తే అది మీకు తెలియకుండానే క్లౌడ్‌లోకి వెళ్తుంది. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోకూడదు. నోట్స్ యాప్, ఎక్సెల్ షీట్, ఈమెయిల్ డ్రాఫ్ట్, ప్రింటర్, జిరాక్స్ షాపు, ఏదీ వద్దు. పైకి చదవనుకూడా వద్దు. పదాలు కీబోర్డు మీదకో కెమెరా ముందుకో వచ్చాయంటే హార్డ్‌వేర్ వాలెట్ కొన్న డబ్బులు దండగే.

ఇప్పుడు యాప్ డివైస్‌ను ఒరిజినలా కాదా అని పరీక్షిస్తుంది. లోపలి సెక్యూరిటీ చిప్ కంపెనీ సర్వర్‌కి తనను తాను రుజువు చేసుకుంటుంది. ఇది పాస్ కాకపోతే అక్కడితో ఆపేయండి. ఫర్మ్‌వేర్ (డివైస్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందంటే ఇప్పుడే చేసేయండి, ఇంకా డబ్బు పెట్టలేదు కాబట్టి గుండెదడ లేకుండా చేయవచ్చు. తర్వాత ఏ కాయిన్ కావాలంటే ఆ కాయిన్ యాప్‌ను డివైస్‌లోకి ఎక్కించాలి, బిట్‌కాయిన్‌కి ఒకటి, ఇథీరియంకి ఒకటి. చోటు చాలక ఎప్పుడైనా ఒక యాప్ తీసేస్తే కాయిన్లు పోవు. మళ్లీ ఎక్కించగానే లెక్క యథాతథంగా కనిపిస్తుంది.

చాలామంది ఎగ్గొట్టే పరీక్ష

సెటప్ అవ్వగానే అందరికీ ఉన్నదంతా పంపేయాలనిపిస్తుంది. ఆగండి. మీరు రాసుకున్న కాగితం నిజంగా పనిచేస్తుందో లేదో ఇంతవరకు తెలియదు. అది తెలుసుకునే రోజు డివైస్ పాడైన రోజు కాకూడదు.

ముందు ఎక్స్చేంజ్ నుంచి చాలా చిన్న మొత్తం పంపండి, కనీస విత్‌డ్రాయల్ ఎంతుంటే అంత. అది వచ్చిందని యాప్‌లో చూసుకోండి. రిసీవ్ నొక్కినప్పుడు వచ్చే అడ్రస్‌ను (బ్యాంకు ఖాతా నంబరు లాంటిది) ఒక చోట రాసుకోండి. అడ్రస్ రహస్యం కాదు, దాన్ని ఫోటో తీసినా ఫర్వాలేదు. ఇప్పుడు కావాలనే పిన్ మూడుసార్లు తప్పు కొట్టండి. డివైస్ ఖాళీ అవుతుంది. కడుపులో కాస్త తిప్పుతుంది, అది మామూలే.

మళ్లీ మొదటి నుంచి రండి. ఈసారి రిస్టోర్ ఎంచుకుని, 24 పదాలు అని చెప్పి, కాగితంలో ఉన్నవి ఒక్కొక్క అక్షరం బటన్లతో ఎక్కించండి. రెండు మూడు అక్షరాలు కొట్టగానే డివైస్ సరిపోయే పదాలు చూపిస్తుంది, వాటిలోంచి ఎంచుకోవచ్చు. అయినా విసుగు పుట్టే పనే. మీ చేతిరాతలో 'ఎన్' అక్షరం 'ఆర్'లా ఉందా, ఏ పదమైనా వదిలేశారా అనేది ఇక్కడ బయటపడుతుంది. అంతా అయ్యాక కాయిన్ యాప్ మళ్లీ ఎక్కించి, కంప్యూటర్‌లో పాత ఖాతాను తీసేసి డివైస్ నుంచి మళ్లీ జోడించండి, ఎందుకంటే పాత లెక్క అక్కడ ముందే దాచి ఉంటుంది. అప్పుడు అదే బ్యాలెన్స్, అదే అడ్రస్ కనిపించాయంటే మీ కాగితం పక్కా. కనిపించకపోతే పోయింది ఒక చిన్న మొత్తమే. కొత్త పదాలతో మళ్లీ మొదలుపెట్టండి.

బిట్‌కాయిన్ విషయంలో చిన్న గమనిక. ఒకసారి డబ్బు వచ్చాక యాప్ తర్వాతి రిసీవ్‌కి కొత్త అడ్రస్ చూపిస్తుంది. అది తప్పు కాదు, గోప్యత కోసం అలా మారుస్తారు. పాత అడ్రస్‌లన్నీ మీవే, ఎప్పటికీ పనిచేస్తాయి. పోల్చి చూసేటప్పుడు బ్యాలెన్స్, పాత లావాదేవీల జాబితా చూడండి.

అసలు మొత్తం తెచ్చుకోవడం

ముందు మీ ఎక్స్చేంజ్ బయటి వాలెట్‌కి పంపనిస్తుందో లేదో చూసుకోండి. మన దేశంలో అన్నీ అన్ని కాయిన్లకూ ఒప్పుకోవు, కొన్ని రకరకాల షరతులు పెడతాయి. 2023 మార్చి నుంచి క్రిప్టో కంపెనీలు మనీలాండరింగ్ చట్టం పరిధిలోకి వచ్చాయి కాబట్టి ఆ వాలెట్ ఎవరిదని అడుగుతారు. మీదేనని నిజం చెప్పండి, ఇందులో దాచాల్సిందేమీ లేదు.

యాప్‌లో రిసీవ్ నొక్కితే అడ్రస్ కంప్యూటర్ మీదా, డివైస్ మీదా రెండు చోట్లా కనిపిస్తుంది. రెండూ ఒకటేనా అని చూడండి. కంప్యూటర్ స్క్రీన్ అబద్ధం చెప్పగలదు. మీరు అడ్రస్ కాపీ చేసి పేస్ట్ చేసేలోపు దాని స్థానంలో దొంగ అడ్రస్ పెట్టే వైరస్‌లు ఎప్పటి నుంచో ఉన్నాయి. పేస్ట్ చేశాక ఎక్స్చేంజ్ పేజీలో ఉన్నదాన్ని మళ్లీ డివైస్‌తో పోల్చండి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూస్తే చాలు అనే అలవాటు మానుకోండి, మధ్యలో కూడా ఓ నాలుగైదు చూడండి. ఎందుకంటే మొదలూ చివరా మీ అడ్రస్‌లాగే ఉండే అడ్రస్‌లు తయారుచేసి, వాటి నుంచి మీకు సున్నాకి దగ్గరగా ఉండే మొత్తం పంపే మోసగాళ్లున్నారు. తర్వాతెప్పుడో మీరు పాత లావాదేవీల్లోంచి కాపీ చేసుకుంటారని వాళ్ల ఆశ. పాత జాబితా నుంచి అడ్రస్ కాపీ చేయడం అన్న పనే పెట్టుకోవద్దు.

నెట్‌వర్క్, అంటే ఏ బ్లాక్‌చెయిన్ మీద పంపుతున్నారో, ఎంచుకునే దగ్గర నిదానం. యూఎస్‌డీటీ (డాలర్ విలువకు ముడిపెట్టిన కాయిన్) లాంటివి ఇథీరియం మీదా ఉన్నాయి, ట్రాన్ మీదా ఉన్నాయి, ఇంకా చాలా చోట్ల ఉన్నాయి. ఎక్స్చేంజ్‌లో ఎంచుకున్న నెట్‌వర్క్, వాలెట్‌లో మీరు రిసీవ్ నొక్కిన నెట్‌వర్క్ ఒకటే కావాలి. ఫీజు తక్కువని చూసి ఏదో ఒకటి నొక్కితే డబ్బు వెతుక్కోవాల్సి వస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇథీరియం మీద ఉన్న యూఎస్‌డీటీని తర్వాత కదపాలంటే ఫీజు ఇథీరియం సొంత కాయిన్ ఈథర్‌లోనే కట్టాలి, ట్రాన్ మీదైతే దాని కాయిన్ టీఆర్‌ఎక్స్ కావాలి. యూఎస్‌డీటీ లక్షల్లో ఉన్నా ఫీజుకి చిల్లర లేకపోతే అది అక్కడే కూర్చుంటుంది. కాబట్టి కాస్త ఈథర్ కూడా పంపి ఉంచుకోండి.

మళ్లీ ఒక చిన్న మొత్తం, అది చేరాక మిగతాది. ఫీజు రెండుసార్లు పడుతుందని బాధపడకండి.

పన్ను సంగతి రెండు మాటల్లో. మీ ఎక్స్చేంజ్ ఖాతా నుంచి మీ సొంత వాలెట్‌కి మార్చుకోవడం అమ్మకం కాదు. అమ్మిన రోజు లాభం మీద 30 శాతం పన్ను, పైన సెస్సు. కొన్న ధర తప్ప ఏ ఖర్చూ తగ్గించనివ్వరు, ఈ వాలెట్‌కి పెట్టిన డబ్బులతో సహా. అందుకే ఎక్స్చేంజ్ నుంచి మీ కొనుగోళ్ల స్టేట్‌మెంట్లు ఇప్పుడే దించి పెట్టుకోండి. ఆ ఎక్స్చేంజ్ రేపు ఉంటుందో లేదో. కొన్న ధర నిరూపించలేకపోతే ఇబ్బంది మీకే.

సంతకం పెట్టే ముందు

2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్చేంజ్ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల ఈథర్ పోయింది. అంత పెద్ద క్రిప్టో దొంగతనం అప్పటిదాకా బయటపడలేదు. అక్కడ ఆమోదం తెలిపినవాళ్లు వాడింది హార్డ్‌వేర్ వాలెట్లే. కీలు ఎవరూ దొంగిలించలేదు. వాళ్ల ఎదురుగా ఉన్న వెబ్ పేజీని హ్యాకర్లు మార్చేశారు. పేజీలో మామూలు బదిలీలాగే కనిపించింది, డివైస్‌లోకి వెళ్లిన లావాదేవీ మాత్రం వేరు. చిన్న స్క్రీన్ మీద అర్థంకాని అక్షరాల గుత్తి వస్తే, సరేలే అని ఓకే చేశారు.

దీన్ని బ్లైండ్ సైనింగ్ అంటారు. ఇథీరియం యాప్‌లో ఇది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, ఆన్ చేయమని ఏదో వెబ్‌సైట్ అడుగుతుంది. కాయిన్లు దాచుకోవడానికి మాత్రమే వాడేవాళ్లకి దాంతో పనే పడదు, అలాగే ఉంచేయండి. డివైస్ స్క్రీన్ మీద ఎవరికి, ఎంత, ఫీజు ఎంత అనేవి చదివి అర్థమైతేనే రెండు బటన్లూ నొక్కాలి. అర్థం కాకపోతే రిజెక్ట్. రిజెక్ట్ కొడితే ఏమీ పోదు, మళ్లీ చేసుకోవచ్చు. ఓకే కొడితే వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు.

డీఫై (బ్యాంకు లేని అప్పులు, వడ్డీలు), ఎన్‌ఎఫ్‌టీ (డిజిటల్ బొమ్మల్లాంటివి), ఎయిర్‌డ్రాప్ (ఉచిత కాయిన్లు) అంటూ రకరకాల సైట్లలో తిరిగే సరదా ఉంటే దానికి వేరే వాలెట్ పెట్టుకోండి, అందులో పోయినా తట్టుకోగలిగినంతే ఉంచండి. ఆ సైట్లు మీ టోకెన్లు ఖర్చుపెట్టే అనుమతి అడుగుతాయి. చాలాసార్లు అపరిమితంగా అడుగుతాయి. ఒకసారి ఇచ్చిన అనుమతి మీరు రద్దు చేసేదాకా అలాగే ఉంటుంది, డివైస్ బీరువాలో ఉన్నా సరే. పొదుపు సొమ్ము ఉన్న వాలెట్‌ను ఏ వెబ్‌సైట్‌కీ కనెక్ట్ చేయకపోవడం అన్నిటికన్నా హాయి.

కాగితం ఎక్కడ?

రెండు ప్రతులు, రెండు వేర్వేరు ఇళ్లలో లేదా ఒకటి ఇంట్లో ఒకటి బ్యాంకు లాకర్‌లో. రెండో ప్రతి కూడా చేత్తోనే రాయండి. డివైస్, పిన్, పదాలు మూడూ ఒకే సొరుగులో పెట్టకండి. మన ఇళ్లలో కాగితానికి శత్రువులు చెదలు, చెమ్మ, నీళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. బీరువా కింది అరలో జెల్ పెన్నుతో రాసిన కార్డు అలాంటి నీళ్లకి ఎంతసేపు ఆగుతుంది? బాల్ పెన్ను వాడండి, ప్లాస్టిక్ కవర్లో వేసి పై అరలో పెట్టండి. మొత్తం పెద్దదైతే స్టెయిన్‌లెస్ స్టీలు ప్లేటు మీద అక్షరాలు పంచ్ చేసుకోవడం మంచిది. ఆ పని మీరే చేయండి, పేరు చెక్కే షాపులో ఇవ్వకండి.

12 పదాలు ఒకచోట, మిగతా 12 ఇంకోచోట పెడితే తెలివైన పని అనిపిస్తుంది. కానీ రెండు చోట్లలో ఏది పోయినా మొత్తం పోయినట్టే, అంటే పోయే దారులు రెండింతలు చేసుకున్నారు.

పాస్‌ఫ్రేజ్ అని ఇంకో సదుపాయం ఉంది, 25వ పదం అంటారు. మీకు నచ్చిన మాట జోడిస్తే అదే 24 పదాల మీద పూర్తిగా వేరే వాలెట్ తెరుచుకుంటుంది. కాగితం దొరికినవాడికి ఆ మాట తెలియకపోతే మీ సొమ్ము కనపడదు. బాగానే ఉంది, కానీ ఇందులో తప్పు పాస్‌ఫ్రేజ్ అనేది ఉండదు. ఒక్క అక్షరం పెద్దదీ చిన్నదీ తేడా వచ్చినా, ఒక స్పేస్ ఎక్కువైనా, ఎర్రర్ చూపకుండా ఖాళీ వాలెట్ తెరుస్తుంది. ఆ క్షణంలో జనానికి గుండె ఆగినంత పని అవుతుంది. నా సలహా అడిగితే, మొదటి ఆరు నెలలు దీని జోలికి పోవద్దు. మామూలు వాడకం చేతికొచ్చాక, ఆ మాటను వేరే చోట రాసిపెట్టే ఏర్పాటు ఉంటేనే మొదలుపెట్టండి.

ఫోన్ మోగినప్పుడు

"సార్, లెడ్జర్ సపోర్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ వాలెట్‌లో అనుమానాస్పద లాగిన్ కనిపించింది, వెరిఫై చేయాలి." ఇలా ఫోన్ రావచ్చు, ఈమెయిల్ రావచ్చు, క్యూఆర్ కోడ్‌తో పోస్టులో ఉత్తరం రావచ్చు, టెలిగ్రామ్‌లో మీరు ఒక సందేహం అడిగిన నిమిషానికి "అడ్మిన్" మెసేజ్ రావచ్చు. అన్నీ చివరికి ఒకే చోటికి తీసుకొస్తాయి, 24 పదాలు టైపు చేయమంటాయి. ఆ పదాలు ఎక్కించాల్సింది డివైస్ మీదే, దాని బటన్లతోనే. కంపెనీ ఎప్పుడూ అడగదు. మాట్లాడేవాడు మీ పేరు, ఇంటి నంబరు, కొన్న తేదీ చెప్పినా నమ్మొద్దు, లీకైన డేటాలో అవన్నీ ఉంటాయి.

పొరపాటున ఎక్కడైనా టైపు చేసేశారనుకోండి. పిన్ మార్చడం వల్ల ఉపయోగం లేదు, పదాలు బయటికి వెళ్లాక పిన్ అడ్డం రాదు. ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా కాయిన్లన్నీ వేరే చోటికి పంపేయండి. రెండో డివైస్ లేకపోతే తాత్కాలికంగా మీ ఎక్స్చేంజ్ ఖాతాకి పంపండి. ఎక్కువ విలువున్నది ముందు. ఆ తర్వాత డివైస్ రీసెట్ చేసి, కొత్త 24 పదాలు పుట్టించుకుని, అందులోకి తెచ్చుకోండి. పాత కాగితాలు చించేయండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. లావాదేవీ ఐడీ, దొంగ అడ్రస్ అందులో రాయండి. బ్లాక్‌చెయిన్ మీద జరిగింది వెనక్కి తిరగదు, కానీ ఆ కాయిన్లు ఏదైనా ఎక్స్చేంజ్‌కి చేరితే పోలీసులు అక్కడ ఆపించే వీలుంటుంది.

ఇంట్లోవాళ్లకి

బ్యాంకు ఖాతాకి నామినీ ఉంటారు. మీరు లేనిరోజున ఈ వాలెట్‌కి ఎవరూ ఉండరు. కాబట్టి ఒక ఉత్తరం రాసి ఇంటి దస్తావేజులతో పాటు పెట్టండి. అందులో పదాలు రాయకూడదు. ఇలాంటి డివైస్ ఒకటుందని, అది ఎక్కడుందో, పదాల కాగితం ఎక్కడుందో, ఏయే కాయిన్లు ఉన్నాయో, పాస్‌ఫ్రేజ్ ఉందా లేదా, ఈ పనిలో సాయం అడగదగిన మనిషి ఎవరో రాయండి. "ఎవరు అడిగినా ఆ పదాలు ఫోన్‌లో, కంప్యూటర్‌లో కొట్టొద్దు" అని మొదటి వాక్యంగా రాయండి. మీ విల్లులో క్రిప్టో ఎవరికి చెందాలో పేర్కొనండి. విల్లులో కూడా పదాలు వద్దు, దాన్ని నలుగురు చదువుతారు.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే వీడియో కాల్‌లో కాగితం చూపించకండి. వాళ్లు సెలవులకి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టి, ఖాళీ డివైస్ మీద రిస్టోర్ ఒకసారి వాళ్ల చేతే చేయించండి.

ఏడాదికోసారి, గుర్తుండే ఒక రోజు చూసుకుని, డివైస్ బయటికి తీయండి. వెలుగుతోందా, పిన్ గుర్తుందా, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందా చూడండి. కాగితం రెండు ప్రతులూ చదవగలిగేలా ఉన్నాయా చూడండి. లెడ్జర్‌లో రికవరీ చెక్ అని ఒక యాప్ ఉంటుంది, డివైస్ చెరపకుండానే పదాలు సరైనవో కాదో అది చెబుతుంది. కొత్త మోడల్‌కి మారి పాతది ఎవరికైనా ఇచ్చేస్తుంటే, ముందు కొత్తదానిలో బ్యాలెన్స్ కనిపించిందని చూసుకుని, ఆ తర్వాతే పాతదాన్ని రీసెట్ చేయండి.